రమణమ్మ బొటనవేలు

నేను ముప్పై నాలుగేళ్లు జీతం తీసుకున్నది మనుషుల చేతులు చూసినందుకు. ఈ మాట చెబితే నరసరావుపేటలో మా ఎదురింటి పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది. చేతులు చూసి జాతకం చెప్పేవాళ్లకు హైదరాబాదులో ఏసీ గది ఎందుకిచ్చారని ఆవిడ సందేహం. మా పని దానికి తలకిందులు. మనిషి ఏమనుకుంటున్నాడో యంత్రానికి తెలియాలి. అందుకు అతను మీట నొక్కాలా, గాజు మీద వేలు జరపాలా, గాలిలో చెయ్యి ఊపాలా, కనురెప్ప వాలిస్తే చాలా? ఈ ప్రశ్నల చుట్టూనే నా ఉద్యోగం గడిచిపోయింది.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి ఏ కోర్సు చదవాలి, ఏ సదస్సుకు పేపరు పంపాలి అని అడుగుతుంటారు. అవి మీ గైడుకు నాకంటే బాగా తెలుసు. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పుకొస్తే మీకు నిద్ర వస్తుంది, నాకు మీకంటే ముందే వస్తుంది. ఈ పనిలో నన్ను నోరు వెళ్లబెట్టి నిలబెట్టిన సంగతులు కొన్ని ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుపడే తప్పులు కొన్ని ఉన్నాయి. అవి రాస్తాను.

తెర చూడకు

మా మొదటి బాసుకు మెచ్చుకోవడం చేతకాదు. తిట్టడం మాత్రం బాగా వచ్చు. నేను చేరిన మొదటి వారం నాకు కంప్యూటర్ ఇస్తారని ఎదురుచూస్తుంటే, ఆయన నా ఊరు ఎక్కడో కనుక్కుని, "మీ దారిలో నడికుడి జంక్షన్ వస్తుంది కదా, అక్కడ టికెట్ కౌంటర్ పక్కన రెండు రోజులు కూర్చుని గుమాస్తా చేతులు చూసి రా. తెర మాత్రం చూడకు" అన్నారు. అంత చదువు చదివింది ఇందుకా అని నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను.

మొదటి గంట ఏమీ కనిపించలేదు. తర్వాత మెల్లగా కనిపించడం మొదలైంది. ప్రయాణికుడు ఊరి పేరు సగం పలికేసరికే గుమాస్తా వేళ్లు ఆ పేరు కొట్టేసేవి. ఆయన మొహం మాత్రం పక్క కౌంటర్ వాడితో కబుర్లు చెబుతూ ఉండేది. సాయంత్రం ఖాళీ దొరికినప్పుడు ఫలానా అక్షరం మీట ఎక్కడుందో చెప్పమన్నాను. ఆయన తడబడ్డాడు. కళ్లు మూసుకుని ఖాళీ బల్ల మీద ఆ ఊరి పేరు కొట్టి, వేలు ఎక్కడికి వెళ్లిందో చూసుకుని అప్పుడు చెప్పాడు. ఇరవై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని ఆయనకు తెలియదు, ఆయన చేతికి తెలుసు. బాసుకు ఇదే చెప్పాను. ఆయన బాగుందనలేదు, బాగా లేదనలేదు. మర్నాడు నాకొక బల్ల ఇచ్చారు.

తడి వేలు

తర్వాత చాలా ఏళ్లకు పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల్లో కూలీలు తమ హాజరు తామే వేసుకునేలా ఒక టచ్ స్క్రీన్ తయారుచేశాం. మా ల్యాబులో అది చక్కగా పనిచేసింది. బట్టీ దగ్గర మొదటి రోజు, యాభై ఏళ్ల మనిషి వచ్చి వేలు పెట్టాడు. తెర కదలలేదు. గట్టిగా పెట్టమన్నాను. చెయ్యి తుడుచుకుని పెట్టమన్నాను. మూడోసారి కూడా పలకకపోతే ఆయన తన వేలిని కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నా యేలు పనికిరాదా మేడం?" అని అడిగాడు.

ఆ తెరలు చర్మంలో ఉండే కాస్త తేమను బట్టి వేలిని గుర్తుపడతాయి. ఏళ్ల తరబడి సున్నంలో మసలిన చేతికి తేమ ఎక్కడిది? పనికిరానిది నా గాజు, ఆయన వేలు కాదు. నేను ఆ మాట ఆయనకు చెప్పే లోపలే వెనక నిలబడ్డ ఆవిడ నీళ్ల డ్రమ్ములో వేలు ముంచి తెర మీద పెట్టింది. తెర తెరుచుకుంది. పది నిమిషాల్లో వరసంతా వేళ్లు ముంచుకుని నిలబడ్డారు. మేము నెలల తరబడి తల బద్దలు కొట్టుకునే చిక్కు అది. ఆవిడకు ఒక్క నిమిషం పట్టింది.

యంత్రం పలకనప్పుడు ముందు మనిషిని అనుమానించే జబ్బు మన వృత్తిలో అందరికీ ఉంది. నాకు ఆ రోజే తగ్గిపోయిందని అనుకున్నాను. తగ్గలేదు.

నేను రాసిన జల్లెడ

మనిషి చెయ్యి ఎప్పుడూ ఊరికే ఉండదు. ఒడిలో పెట్టుకున్నా సన్నగా అదురుతూనే ఉంటుంది. వేలికి సెన్సర్ కడితే ఆ అదురు కూడా యంత్రానికి అందుతుంది, అది దాన్ని ఆజ్ఞ అనుకుని ఏదో ఒకటి చేసేస్తుంది. అందుకని చిన్న కదలికలన్నిటినీ ముందే పారేసే ప్రోగ్రామ్ ఒకటి నేను రాశాను. మా వాళ్లు దాన్ని జల్లెడ అనేవాళ్లు. ఇంతకంటే చిన్నది వస్తే అది మనిషి ఉద్దేశం కాదు, పారెయ్ అని అందులో ఒక హద్దు పెట్టాను. ఆ హద్దు మా ల్యాబులో చదువుకునే పిల్లల చేతులు కొలిచి పెట్టింది. నాకు మంచి పేరు తెచ్చింది కూడా అదే. ఆ పేరు చూసుకుని నేను కొంచెం పొంగిపోయిన మాట నిజం.

కోటయ్య గారు

రిటైర్ కావడానికి ఏడాది ముందు మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. గురజాల దగ్గర పల్లెలో వాళ్ల పొరుగింటి కోటయ్య గారి భార్య రమణమ్మకు పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. మెదడు కింది భాగం దెబ్బతినడంతో నోట మాట పోయింది, కాళ్లూ చేతులూ పోయాయి. రెప్పలు సగం వాలిపోయి చూపు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. ఆమెకు తెలివి లేదని డాక్టర్ తేల్చేశాడు. ఇంటికి వచ్చినవాళ్లు ఆమె పక్కనే కూర్చుని ఆమె గురించి లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు.

కొడుకు శ్రీను చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్. చెడ్డవాడు కాదు, వారానికి రెండుసార్లు వచ్చి తల్లికి ఒళ్లు తుడిచేవాడు. డెబ్బై నాలుగేళ్ల తండ్రి రోజుకు పదిసార్లు ఆమెను ఎత్తి దించడం చూడలేక, గుంటూరులో సిస్టర్లు నడిపే ఒక హోమ్‌లో చేర్పిద్దామని మాట్లాడి వచ్చాడు. కోటయ్య గారు ససేమిరా అన్నారు. చివరికి తండ్రీ కొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. అమ్మకు తెలివుందని తేలితే అమ్మ ఏది చెబితే అదే, తేలకపోతే హోమ్‌కి పంపాల్సిందే. పెద్దాయన నా కోసం కబురు పెట్టింది అందుకు.

నేను వెళ్లేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "ఆమెకి అన్నీ తెలుస్తన్నయ్యమ్మా. మావోడు నమ్మట్లేదు" అన్నారు. నేను రమణమ్మ గారి పది వేళ్లకూ సెన్సర్లు తొడిగి, వీడియో కెమెరా పెట్టి, కోటయ్య గారి చేత ప్రశ్నలు అడిగించి, రెండు గంటలు చూశాను. నేను తెచ్చిన పెట్టె తెర మీద గీత సూటిగా పోతూనే ఉంది. సాయంత్రానికి, చాలా జాగ్రత్తగా మాటలు ఏరుకుని, ఆమె దగ్గర్నుంచి నాకు జవాబు రాలేదని చెప్పాను.

కోటయ్య గారు ఏడవలేదు, కోప్పడలేదు. "మీ పెట్టెకి తెలవదులే అమ్మా. మీరు ఆమె చెయ్యి పట్టుకోండి" అన్నారు. మర్యాద కోసం పట్టుకున్నాను. నా అరచేతిలో ఆమె కుడి బొటనవేలు సన్నగా అదిరింది. ఇలాంటి అదురు ఎన్నిసార్లు చూడలేదు అనుకుని చెయ్యి వదిలేసి కారెక్కాను.

పిల్లలూ, నా సర్వీసులో ఇంతకంటే పెద్ద తప్పు చేయలేదు. నాకు జవాబు చేతికి ఇచ్చారు. నేను పెట్టెలో చూసి లేదన్నాను.

గీత

హైదరాబాదు వెళ్లాక రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. రిపోర్టు వెనక జల్లెడ పట్టని అసలు రికార్డు కూడా జతచేయాలన్నది మా ఆఫీసు నియమం. ఎవరూ చూడరు, అయినా చేయాలి. అది తెరిచి చూస్తే కుడి బొటనవేలి గీత మీద చిన్న బొడిపెలు కనిపించాయి. కోటయ్య గారి గొంతు కూడా రికార్డయి ఉంది. ఆయన "ఏమే రమణా, ఇనపడతందా?" అన్నప్పుడల్లా ఒక బొడిపె. ఆయన ఆగితే గీత సూటిగా పోయింది. మళ్లీ అడిగితే మళ్లీ బొడిపె. నేను నమ్మలేక మొదటినుంచి మళ్లీ విన్నాను. మూడోసారి కాగితం పెట్టుకుని, ఏ మాటకు ఏ బొడిపెో రాసుకుంటూ విన్నాను.

నా జల్లెడ ఆమె మాటల్ని ఒక్కటి కూడా మిగల్చకుండా పారేసింది. ఆమె రెండు గంటలూ జవాబు చెబుతూనే ఉంది.

వీడియోలో చూస్తే బొటనవేలు చూపుడువేలి అంచు మీద కొంచెం పైకి పాకి, చివర్లో విదిల్చినట్టు తిరుగుతోంది. పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కడా అలాంటి కదలిక చూడలేదు. కోటయ్య గారికి ఫోన్ చేసి, ఆమె వేలు అలా ఎందుకు తిరుగుతుందో మీకేమైనా తెలుసా అని అడిగాను.

"తొడిమ తీస్తంది గదమ్మా" అన్నారు ఆయన, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ముప్పై ఏళ్లు రమణమ్మ గారు మిరప కళ్లాల్లో పనిచేశారు. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఎండు మిరపకాయ తీసుకోవడం, బొటనవేలి గోటితో తొడిమ తుంచడం, కాయ కుప్పలో వేయడం. ఘాటుకు వేళ్లు మండితే మజ్జిగలో ముంచుకుని మళ్లీ కూర్చోవడం. ఒళ్లంతా ఆమె చెప్పినట్టు వినడం మానేసిన రోజున, లక్షల సార్లు చేసిన ఆ ఒక్క పని మాత్రం వేలు మర్చిపోలేదు. దాన్నే ఆమె నోరు చేసుకుంది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ గమనించకపోయినా ఆరు నెలలు మానలేదు. నా ముప్పై ఏళ్ల పరిశోధనలో ఇంత చక్కటి సంజ్ఞ నేను తయారుచేయలేదు. ఇప్పటికీ ఆ గీత తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఫ్యాను

ఆ వేలి కోసమే కొత్త హద్దు పెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఒకసారి తిప్పితే అవును, రెండుసార్లు తిప్పితే కాదు. అది కుదిరాక అక్షరాలు మొదలుపెట్టాం. పెట్టె వరసలు చదువుతుంది, తనకు కావాల్సిన అక్షరం ఉన్న వరస రాగానే ఆమె వేలు తిప్పాలి, తర్వాత ఆ వరసలో అక్షరం దగ్గర మళ్లీ తిప్పాలి. ఐదో తరగతి దాకా చదివి, వారపత్రికలు వదలకుండా చదివిన మనిషి కాబట్టి అక్షరాలతో ఇబ్బంది రాలేదు. అలసిపోయేవారు, అంతే. ఒక మాటకు అరగంట పట్టేది.

అసలు ఇబ్బంది కోటయ్య గారితో వచ్చింది. ఆమె ఒక అక్షరం చెప్పేసరికి మిగతా మాట ఆయనే పూర్తి చేసేవారు. ప అంటే పప్పు, మ అంటే మజ్జిగ. ఆమె రెండుసార్లు వేలు తిప్పి కాదనేవారు. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఆమె మాట ఎప్పుడైనా పూర్తిగా విన్నారా అని నేను వేళాకోళం చేస్తే, ఆమె వేలు రెండుసార్లు తిరిగింది. కోటయ్య గారు గది అదిరేలా నవ్వారు. ఆ ఇంట్లో ఎన్నాళ్లకో వినపడిన నవ్వట అది.

ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇది గట్టిగా చెబుతున్నాను. ఎదుటి మనిషి మాట మీరు పూర్తి చేయకండి, ఇంట్లోవాళ్లను చేయనివ్వకండి. ప్రేమతో పూర్తి చేసినా సరే, అది మీ మాటే అవుతుంది.

ఆమె మొదటిసారి పూర్తిగా చెప్పిన మాట ఏమిటో తెలుసా? అది ప్రేమ గురించి కాదు, దేవుడి గురించి కాదు. ఫ్యాను ఆపు.

వీపుకు పుండ్లు పడతాయని, గాలి తగలాలని డాక్టర్ చెప్పిన రోజు నుంచి కోటయ్య గారు ఆ ఫ్యాను ఆపలేదు. అప్పటికి ఎనిమిది నెలలు, మధ్యలో చలికాలం కూడా పోయింది. ఆయన లేచి స్విచ్ ఆపి, దుప్పటి తెచ్చి కప్పి, మంచం పక్కన కూలబడ్డారు. "ఇన్ని నెల్లు చలికి పడుకున్నావటే" అని మళ్లీ మళ్లీ అంటూ ఏడ్చారు. శ్రీను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

ఆమె జవాబు

తెలివి ఉందని తేలిపోయింది. ఇక ఒప్పందం ప్రకారం అడగాల్సింది మిగిలింది. కోటయ్య గారు ఆ రోజు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఆయనకు జవాబు ముందే తెలుసు. నిజం చెప్పాలంటే నాకూ తెలుసనుకున్నాను. గుంటూరు హోమ్‌కి వెళ్తారా అని శ్రీను చేతే అడిగించాను.

వేలు ఒకసారి తిరిగింది. తర్వాత కదల్లేదు.

పెట్టె పొరపాటు పడిందన్నారు కోటయ్య గారు. పొరపాటు పడవచ్చు, అది నిజమే. అందుకని ప్రశ్న తిప్పి, ఇంట్లోనే ఉంటారా అని అడిగాను. వేలు రెండుసార్లు తిరిగింది. మర్నాడు తండ్రినీ కొడుకునూ బయటకు పంపి, మధ్యలో సంబంధం లేని ప్రశ్నలు కలిపి మళ్లీ అడిగాను. అదే జవాబు. ఎవరైనా బలవంతం చేశారా అంటే కాదు. ఎందుకో చెబుతారా అంటే అవును. ముప్పావు గంట పట్టింది. నేను ఒక్క అక్షరం కూడా ముందుగా ఊహించకుండా పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

ఆయన నడుము పోతంది. చూడలేను.

రెప్పలు సగం వాలిన ఆ కళ్లు రోజుకు పదిసార్లు ఆయన మొహాన్నే చూస్తున్నాయి. ఎత్తేటప్పుడు పళ్లు బిగబట్టడం, దించాక తలుపు పట్టుకుని నిలబడిపోవడం. ఆయన తన నొప్పి కొడుకు దగ్గర దాచారు, నా దగ్గర దాచారు. ఏమీ తెలియదని లోకం అనుకున్న మనిషి దగ్గర మాత్రం దాచలేకపోయారు.

ఆ జవాబు చదివి వినిపించాక కోటయ్య గారు నన్ను పెరట్లోకి పిలిచారు. "పెట్టె తప్పు చెప్పిందని మావోడితో ఒక్క మాట అనండమ్మా. మీరంటే నమ్ముతాడు" అన్నారు.

అనడం ఎంత తేలిక! ఎవరూ నన్ను తప్పుపట్టేవాళ్లు కాదు. ఒక ముసలాయన భార్య ఆయన దగ్గరే ఉండేది. ఆ పెరట్లో నిలబడి నేను ఆ మాట అనాలని నిజంగా అనుకున్నాను. కానీ ఆమె చెప్పిన దాన్ని ఒకసారి నా జల్లెడ పారేసింది. ఇప్పుడు తెలిసి తెలిసి నేనే పారేయాలా? పెట్టె తప్పు చెప్పలేదని, ఆ మాట ఆమెదేనని చెప్పాను. ఆయన నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయారు. వారం రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

మన వృత్తి గురించి నాకు తెలిసిందల్లా ఇక్కడే ఉంది. మనిషికి మాట తెచ్చిపెట్టడం వరకే మన పని. ఆ మాట మనకు నచ్చాలన్న షరతు ఎక్కడా లేదు. ఇంట్లోవాళ్లకు నచ్చాలనీ లేదు. దానికి సిద్ధపడలేనివాళ్లు ఈ పనిలోకి రాకండి. ఫోన్లు ఇంకా పలచగా ఎలా చేయాలో చూసే ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

హోమ్ నుంచి వ్యాన్ వచ్చిన రోజు పొద్దున్నే వెళ్లాను. తిడతారేమోనని గుమ్మం దగ్గరే ఆగాను. కోటయ్య గారు ఆమెకు తల దువ్వుతున్నారు. జడ వేయడం చేతకాక మూడుసార్లు విప్పి మళ్లీ వేశారు. ఏ చీర కట్టాలో అడిగి, ఒక్కొక్క చీరా చూపించి, వేలు తిరిగిన చీర పక్కన పెట్టి, పొరుగావిడను పిలిచి కట్టించారు. వ్యాన్ వాళ్లు స్ట్రెచర్ తెచ్చినప్పుడు అలవాటుగా ముందుకు వంగి ఆమె భుజాల కింద చేతులు పెట్టారు. నేను ఆమె కుడిచేతి వైపు చూశాను. బొటనవేలు రెండుసార్లు తిరిగింది. ఆయనా చూశారు. చేతులు తీసుకుని పక్కకు జరిగారు. శ్రీనూ డ్రైవరూ కలిసి ఆమెను ఎత్తారు.

వ్యాన్ తలుపు వేసే ముందు నేను ఆయన దగ్గరకు వెళ్లి, ఆమె మనసు మారిందేమో, కావాలంటే ఇంకొక్కసారి అడుగుతానని అన్నాను. ఆయన వ్యాన్ ఎక్కి, ఆమె పక్కన కూర్చుని, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"వొద్దమ్మా. మాట్టాడవే, మాట్టాడవే అని ఇన్ని నెల్లు దాన్ని బతిమాలింది నేను. ఇప్పుడు మాట్టాడినాక ఇనకపోతే ఎట్టా?"